అప్పగింతలు

నెలాఖరు వచ్చినదంటే మన బడులలోనో, కళాశాలలలోనో, కచేరీలలోనో ఎక్కడో ఒకచోట వీడ్కోలు సభ జరుగక మానదు. మన రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 2014లో 58 నుండి 60కి, 2022లో 62కు పెరిగినది. వయస్సు పెరిగినది గాని సభ తీరు మారలేదు. బల్లమీద తెల్లని దుప్పటి, దానిపై పూలదండలు, ఒక శాలువా, ఒక జ్ఞాపిక. వెళ్ళిపోయే మనిషి మధ్యన కూర్చుంటాడు. ఒకరి తర్వాత ఒకరు లేచి ఆయన సౌమ్యుడని, నిరాడంబరుడని, విధినిర్వహణలో రాజీ ఎరుగనివాడని చెబుతారు. నిన్న మొన్నటి వరకు ఆయనతో సెలవు చీటీ గురించి వాదించినవారు కూడ ఆనాడు గద్గదకంఠంతో మాట్లాడుతారు. అందులో కపటం లేదు. వియోగం మనిషి మనస్సును కొంత మెత్తబరుస్తుంది. ఫొటో తీయించుకొని, కారాబూందీ, మిఠాయి తిని, ఎవరి తరగతికి వారు వెళ్ళిపోతారు.

ఇట్టి సభలు నేను ముప్పది ఏండ్లుగా చూస్తున్నాను. అనేక సభలలో అభినందన పత్రం వ్రాసి చదివే పని తెలుగు ఉపన్యాసకుడిని కాబట్టి నా మీదనే పడినది. ఒకరికి వ్రాసిన విశేషణాలను మరొకరికి మార్చి వ్రాసిన రోజులు కూడ లేకపోలేదు. అట్లా వ్రాస్తూ వ్రాస్తూ ఒకనాడు నన్ను నేను ప్రశ్నించుకోవలసి వచ్చినది: ఈ మనిషి ఇన్నేండ్లు ఇక్కడ చేసిన పని ఏమిటి? రేపటినుండి ఆ పని ఎవరు చేస్తారు? ఈ రెండు ప్రశ్నలకు నా అభినందన పత్రాలలో ఒక్కదానిలోనూ సమాధానం లేదు.

వీడ్కోలుకు తెలుగువారి ఇండ్లలో ఇంకొక రూపం ఉన్నది. పెండ్లి ముగిసిన పిదప జరిగే అప్పగింతలు. పెండ్లికూతురి చేతులను పాలలో ముంచి, అత్తమామల చేతులలో పెట్టి, తల్లిదండ్రులు ఒప్పగిస్తారు. ఆనాడు తల్లి తన బిడ్డను పొగడుతూ కూర్చోదు. పిల్లకు ఇది వచ్చును, ఇది రాదు, ఆకలికి తాళలేదు, మాటకు నొచ్చుకుంటుంది, కడుపులో పెట్టుకొని చూచుకోండి అని చెబుతుంది. కన్నీళ్ళు ఉంటవి గాని ఆ కన్నీళ్ళ మధ్యన చెప్పవలసిన మాట చెప్పడం మరచిపోదు. పుచ్చుకునేవారు కూడ వినవలసిన మాట వినవలసి ఉంటుంది. మన కచేరీలలో ‘చార్జి అప్పగించడం’ అన్న మాటలోనూ ఈ పాత మాటే ఉన్నది. తాళపు చెవులు ఇన్ని, రిజిస్టర్లు ఇన్ని, కుర్చీలు ఇన్ని, వాటిలో విరిగినవి ఇన్ని అని జాబితా వ్రాసి ఇద్దరూ సంతకాలు చేస్తారు. సభలో కన్నీళ్ళున్నవి, జాబితాలో లెక్క ఉన్నది. తల్లి చెప్పే మాట మాత్రం రెంటిలోనూ లేదు.

ఈ లోపం ఎంతటిదో నాకు ఒక అటెండరు నేర్పినాడు.

కొన్నేండ్ల క్రిందట కర్నూలు జిల్లాలో నేను పనిచేసిన ఒక కళాశాలలో ఆయన గ్రంథాలయానికి, స్టాఫు గదికి అటెండరు. గంట కొట్టేదీ, కుండలు నింపేదీ ఆయనే. విరమణ సభలో మేమందరం ఆయన నిజాయితీని కొనియాడినాము. చివరకు ఆయనను కూడ రెండు మాటలు చెప్పమన్నాము. ఆయన లేచి, చేతులు కట్టుకొని, ఒకే మాట అన్నాడు: “ఉత్తరపక్క బీరువా మీద వాన పడ్తాది సార్. ఇన్నేండ్లు నేను చూసుకుంటా వస్తి. దాన్ని ఈపక్కకు జరిపిచ్చండి.” సభలో నవ్వులు వినిపించినవి. ఎంత అమాయకుడో చూడండి, ఇప్పుడు కూడ బీరువా సంగతే అని ఒకరు మెచ్చుకోలుగా అన్నారు. చప్పట్లు కొట్టినాము. దండ వేసినాము. బీరువాను జరిపించినవారు లేరు.

మన సీమలో వాన అరుదు. వచ్చినప్పుడు ఒక్కరాత్రిలో కుండపోతగా వస్తుంది. ఆ సంవత్సరం వచ్చిన మొదటి పెద్ద వానకు పైకప్పు పగులులోనుండి నీరు కారి ఉత్తరపు బీరువాలోని రెండు అరలు తడిసినవి. మేము చూచినది వారం దినాల తర్వాత. అప్పటికి పుటలు ఒకదానికొకటి అంటుకొని ఇటుకలవలె అయినవి. అందులో బ్రౌణ్య నిఘంటువు పాత ప్రతి ఒకటి. ఇన్నేండ్లూ వానాకాలం రాగానే ఆయన ఆ బీరువాపై తార్పాలిను పరచేవాడని, ఎండాకాలంలో పుస్తకాలు దించి దులిపి, అరలలో ఎండు వేపాకు పరచేవాడని మాకు అప్పుడు తెలిసినది. ఆ పని ఏ జాబితాలోనూ లేదు. ఆయనకు ఎవరూ చెప్పినది కాదు. వెళ్ళిపోయేనాడు ఆయన మాకు దానిని అప్పగించినాడు. మేము పుచ్చుకోలేదు. ఆ తప్పు కళాశాలది కాదు, ప్రభుత్వానిది కాదు. ఆనాడు చప్పట్లు కొట్టిన మా అందరిదీ, అభినందన పత్రం చదివిన నాది మరింత.

ఆ తడిసిన నిఘంటువును చేతపట్టుకొని చాలనాళ్ళు ఆలోచించినాను. ఆ పుస్తకం కూడ ఒక అప్పగింతే కదా అనిపించినది. దాని వెనుక కడప ఉన్నది. కడప వెనుక పత్తికొండ ఉన్నది. ఆ కథను మన పిల్లలకు రెండు వేర్వేరు పాఠాలుగా చెబుతాము. ఒకటిగా చెప్పవలసిన అవసరం ఉన్నది.

1800 అక్టోబరులో నైజాము ప్రభువు మన ప్రాంతాన్ని ఈస్టిండియా కుంఫిణీకి దత్తం చేసినాడు. నాటినుండి దీనికి దత్తమండలమని పేరు వచ్చినది. 1928లో నంద్యాలలో జరిగిన సభలలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అన్న పేరు సూచించే వరకు ఆ దానపు పేరుతోనే మనవారు బ్రదికినారు. ఈ మండలానికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఏడేండ్లు ఇక్కడ ఉన్నాడు. ఆ కాలంలో అధిక భాగం ఊరూరా తిరుగుతూ గుడారాలలోనే గడిపినాడు.

ఆయన చేయించిన ముఖ్యమైన పని భూమికొలత. 1802లో ఆ పని ప్రారంభించునాటికి కొలత తెలిసిన గుమాస్తాలు ఆయన కచేరీలో నలుగురే ఉండిరి. ఆ నలుగురు మరికొందరికి నేర్పగా, వారు ఇంకొందరికి నేర్పగా, ఆ మరుసటి సంవత్సరానికి కొలతగాండ్ర సంఖ్య నూరుకు చేరినది. 33 అడుగుల గొలుసు పట్టుకొని, గొలుసు చదరం ఒక గుంటగా, నలుబది గుంటలు ఒక ఎకరంగా, ఆ నూరుమంది ఎండలో రాళ్ళమీద చేను వెంబడి చేను నడిచినారు. గొలుసు ఒక మూర సడలితే ఒక కుటుంబం లేని భూమికి పన్ను కట్టవలసి వచ్చును. ఆ సంగతి గొలుసు పట్టినవానికి తెలుసు. చేను గట్టున నిలిచిన రైతుకూ తెలుసు. చరిత్ర పాఠం మన్రో పేరు చెబుతుంది. ఆ నూరుమంది పేర్లు చెప్పదు. ఐనను ఆ గొలుసును సరిగా పట్టడమో పట్టకపోవడమో అన్నది ఎండలో నిలిచిన ఆ చేతుల ధర్మమేగాని కలెక్టరు ధర్మం కాదు.

1807లో మన్రో సెలవుపై స్వదేశానికి బయలుదేరవలసి వచ్చినది. వెళ్ళేముందు పై అధికారులకు ఆయన పంపిన నివేదిక గమనింపదగినది. తన హయాములో శిస్తు వసూలు బాగా పెరిగినదని చెప్పుకొని వెళ్ళిపోవచ్చును. ఆ మాట అబద్ధమూ కాదు. కాని ఈ శిస్తు రైతు మోయగలిగిన దానికంటె ఎక్కువగా ఉన్నది, భూములన్నిటిపై నూటికి 25 వంతులు, బావుల క్రింద, చెరువుల క్రింద సాగయ్యే భూములపై అంతకు మరికొంత అధికంగా తగ్గించవలెనని ఆయన సిఫారసు చేసినాడు. తాను కట్టిన లెక్కలో తప్పు ఎక్కడ ఉన్నదో తానే చెప్పి అప్పగించినాడు. పుచ్చుకొన్నవారు, మా కళాశాలలో మేము చేసినట్లే, వినలేదు. తగ్గింపును ఒప్పుకోక, గ్రామాలను మూడేండ్లకు, తరువాత పదేండ్లకు గుత్తకిచ్చినారు. గుత్తదారులు చితికిపోయినారు, రైతులు భూములు విడిచినారు. 1820లో మన్రోయే మద్రాసు గవర్నరుగా తిరిగివచ్చిన తర్వాతగాని ఆ తగ్గింపు అమలుకు రాలేదు. తన అప్పగింతను పదమూడేండ్ల తర్వాత తానే పుచ్చుకోవలసి వచ్చినది.

1827లో ఆయన పదవి ముగియనున్నది. ఇంగ్లండుకు ఓడ ఎక్కవలసిన మనిషి, ఎవరి నిర్బంధమూ లేకుండ, వేసవిలో మద్రాసునుండి దత్తమండలానికి బయలుదేరినాడు. తాను యౌవనంలో పనిచేసిన పల్లెలను, ఎరిగిన మనుషులను కడసారి చూచి సెలవు తీసుకోవలెనని ఆయన కోరిక. గుత్తికి వచ్చేసరికి వెంటవచ్చిన పరివారంలో కలరా పొడసూపినది. పత్తికొండలో, జూలై 6న, ఆయనకూ సోకినది. అదే రాత్రి గుడారంలో మరణించినాడు. ఆయన జీవితచరిత్ర వ్రాసిన గ్లీగ్ ఆనాటి సంగతి ఒకటి నమోదు చేసినాడు. వ్యాధి సోకిన గుడారంలో మిమ్ములను ఉంచడం న్యాయం కాదు, వెళ్ళండని మన్రో తన చుట్టూ ఉన్నవారితో అంటూ వచ్చినాడట. వారు వెళ్ళలేదు. ఇంత ఆప్యాయంగా చూచుకొనేవారు ఉంటే జబ్బు పడినా బాధ లేదన్నట్లు కూడ మాట్లాడినాడట. సహోద్యోగులకు ఆయన చెప్పిన వీడ్కోలు అది. తాను పోతూ పోతూ తనవారి క్షేమం లెక్కచూచుకొన్న మాట.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పక తప్పదు. మన్రో పరాయి ప్రభుత్వానికి పన్ను వసూలు చేసినవాడు. ఆ పన్ను మన తాతముత్తాతల చెమట. అతనిని ఆదర్శంగా చూపడం ఏమి ధర్మమని విద్యార్థి ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న సమంజసమే. తగ్గింపు కోరిన మనిషే ఆ పన్ను వేసిన మనిషి. ఆయన మంచితనంవల్ల కుంఫిణీ పాలన ధర్మమైనది కాలేదు. నేను ఆయన ఏలికతనాన్ని మెచ్చుకోవడం లేదు. పని ఎంత శ్రద్ధగా చేసినా, ఆ పని ఎవరి మీద భారమై పడుతున్నదో అడుగని శ్రద్ధ మనిషిని మంచి పనివానిని చేస్తుందిగాని మంచివానిని చేయదు. గొలుసు సరిగా పట్టడం నైపుణ్యం. ఆ గొలుసు చివర నిలిచిన రైతును చూడగలగడం ధర్మం. మన్రో చివరకు ఆ రైతును చూచినాడు, చూచినది పై వారికి వ్రాసినాడు. అంతవరకే మనం ఆయననుండి నేర్చుకోదగినది. మద్రాసు నగరంలో ఆయనకు గుర్రంమీద కూర్చున్న కంచు విగ్రహం ఉన్నది. పత్తికొండలో ఆయన స్మృతికి చెట్ల తోపు వేయించి, రాతి మెట్ల బావి కట్టించినారు. ఎండిన సీమలో ఒక మనిషిని తలచుకొనేందుకు విగ్రహంకంటె నీడా నీళ్ళూ తగినవని ఆ నిర్ణయం చేసినవారికి తోచి ఉండవచ్చును.

ఇక కడప సంగతి. 1820లో మద్రాసులోని సెయింట్ జార్జి కోట కళాశాలలో చదువు ముగించుకొంటున్న యువకోద్యోగులకు కొత్త గవర్నరు మన్రో ఒక ప్రసంగం చేసినాడు. ప్రజల భాష తెలియకుండ ప్రజల మేలు చేయలేరన్నది దాని సారం. విన్నవారిలో ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఒకడు. అప్పటికి ఆయనకు 22 ఏండ్లు నిండలేదు. ఆ మాటలు తన మనస్సులో నాటుకొన్నవని బ్రౌన్ తరువాత చెప్పుకొన్నాడు. అదే సంవత్సరం ఆగష్టులో ఆయనకు కడపలో ఉద్యోగమైనది. పెద్దవాడు ఒక మాట అప్పగించినాడు, చిన్నవాడు పుచ్చుకొన్నాడు. మనకు తెలిసిన అప్పగింతలలో ఇంత ఫలించినది మరొకటి అరుదు.

కడపలో బ్రౌన్ తోటతో కూడిన ఒక బంగళా కొని, అందులో పండితులను నియమించి, తెలుగు కావ్యాల పరిష్కరణకు పూనుకొన్నాడు. జనం దానిని బ్రౌన్ కాలేజీ అన్నారు. జీతాలు కుంఫిణీ ఇచ్చినవి కావు. ఆయన తన సొమ్ము వెచ్చించినాడు, చాలనప్పుడు అప్పు చేసినాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య, ములుపాక బుచ్చయ్య మొదలైన పండితులు ఆయనకు తోడై పనిచేసినారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ కార్యాలయ నిర్వహణ చూచినాడు. బ్రౌన్‌కు ఉద్యోగరీత్యా కడప విడిచి మచిలీపట్నానికో, మద్రాసుకో పోవలసి వచ్చినప్పుడు కూడ ఇక్కడి పని నిలువలేదంటే అది కృష్ణారెడ్డి వంటివారు పుచ్చుకొన్న బాధ్యతవల్లనే. అప్పగించేవాని పేరుతోపాటు పుచ్చుకొన్నవాని పేరు కూడ మనం గుర్తుంచుకోవలెను.

ఆ పండితుల దినచర్యను ఊహించి చూడండి. ఒకే కావ్యానికి వేర్వేరు ఊళ్ళనుండి తాళపత్ర ప్రతులు వస్తవి. కొన్ని చెదలు తిన్నవి, కొన్ని చివరలు విరిగినవి. ఒకరు ఒక ప్రతి చదువుతూ ఉంటే మిగిలినవారు తమ చేతిలోని ప్రతులతో సరిచూస్తారు. ఒకచోట అక్షరం మారుతుంది. ఒకచోట పాదం లోపిస్తుంది. ఒకచోట ప్రతి వ్రాసినవాడు అర్థం కాక తన సొంత మాట చేర్చినాడు. ప్రతి భేదాన్నీ గుర్తించి, ఏది సాధువో తర్కించి, కాగితంమీద శుద్ధప్రతి వ్రాయవలెను. పిదప దానిలోని మాటలను అక్షరక్రమంలో కూర్చవలెను. ఈనాడు నిఘంటువు తెరిచి ఒక మాటకు అర్థం చూచుకొనే విద్యార్థికి ఆ పని అర నిమిషం. ఆ అర నిమిషం వెనుక పేరులేని ఒక లేఖకుని మధ్యాహ్నాలు ఎన్నో ఉన్నవి. వేమన పద్యాలు 693 ఆంగ్లానువాదంతో 1829లో అచ్చైనవి. బ్రౌన్ నిఘంటువులు 1852లో వెలువడసాగినవి. ఊరి కవి అని పండితులు ప్రక్కకు నెట్టిన వేమనను అచ్చు పుటమీదికి తెచ్చిన ఆ పని, చేసిన రోజున చూచినవారికి ఉట్టి గుమాస్తా పనివలెనే కనిపించి ఉండును.

ఆరోగ్యం చెడి బ్రౌన్ 1850ల నడుమ ఉద్యోగం విడిచి ఇంగ్లండు వెళ్ళినాడు. వెళ్ళేలోపుగానే తన గ్రంథభాండారాన్ని మద్రాసులోని సంస్థకు అప్పగించినాడు. నేటి ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఆ ప్రతులు చేరినవి. లండనులో కూడ తెలుగు ఆచార్యుడుగా ఉండి 1884లో కన్నుమూసినాడు. కడప బంగళా శిథిలమైనది. ఒక శతాబ్దం గడచినది.

శతాబ్దం తర్వాత ఆ అప్పగింతను పుచ్చుకొన్నది మన వృత్తివారే. కడపలో ఆంగ్లోపన్యాసకులుగా పనిచేసిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఆ శిథిల స్థలంలో బ్రౌన్ పేర గ్రంథాలయం కట్టవలెనని సంకల్పించినారు. అధికారులను ఒప్పించినారు, పౌరులనుండి విరాళాలు సేకరించినారు, పుస్తకాలు, తాళపత్రాలు కూడబెట్టినారు. 1995లో గ్రంథాలయం తెరువబడినది. 2006లో దానిని యోగివేమన విశ్వవిద్యాలయానికి అప్పగించినారు. 2014లో ఆయన పరమపదించినారు. ఆ గ్రంథాలయ నిర్మాణం ఆయన ఉద్యోగ విధులలో భాగం కాదు. దాని చివర ఉన్నది కూడ మళ్ళీ ఒక అప్పగింతయే కావడం గమనించండి. తాను ఉన్నంతకాలం చూచుకొని, తన తర్వాత నిలిచేవారి చేతిలో పెట్టి వెళ్ళినారు. కడప వెళ్ళిన ఉపాధ్యాయుడు తన పిల్లలను ఎక్కడికైనా తీసుకొనిపోదలచుకొంటే ముందుగా అక్కడికి తీసుకొనిపోవలెను.

ఇంతటివారితో మనకు పోలిక ఏమిటి, మేము ఏటేటా అదే సంధి, అదే సమాసం, అదే ఎక్కం చెప్పి ఇంటికి పోయేవారం కదా అని పల్లె ఉపాధ్యాయుడు నిట్టూర్చవచ్చును. ముప్పది ఏండ్లు ఒకే పాఠం చెప్పి ఏమి సాధించినానని విరమణ ముందు రాత్రి నిద్ర పట్టని మిత్రులను నేనెరుగుదును. ఆ ప్రశ్న నన్నూ అడపాదడపా పలుకరిస్తున్నది. నాకు తోచిన సమాధానం ఇది. పాఠం ఒకటే కావచ్చును, కాని విన్న పిల్లలు ఒకరు కారు. మూడవ వరుసలోని పిల్లవానికి నల్లబల్ల సరిగా కనిపించదు. వలస పోయిన తల్లిదండ్రులు తిరిగి వచ్చేదాక ఒక పిల్ల బడికి రాదు. ఇంకొకడు లెక్కలలో వెనుకబడినాడుగాని కథ చెబితే కన్ను ఆర్పడు. ఈ సంగతులు హాజరు పట్టికలో లేవు. అవి తెలిసిన మనిషి ఆ ఉపాధ్యాయుడు ఒక్కడే. ఆయన బదిలీ అయిన రోజున ఆ తెలివి ఆయనతో బస్సెక్కి వెళ్ళిపోతే, కొత్తగా వచ్చినవారు మళ్ళీ ఒక సంవత్సరం వెచ్చించి దానిని తెలుసుకోవలెను. ఆ సంవత్సరం పిల్లవానిది. అది అతనికి మళ్ళీ రాదు.

ఏరు దాటి తెప్ప తగలవేసినట్లు అన్న సామెత మనకున్నది. కృతఘ్నతను గురించి చెప్పిన మాట అది. మన సంగతి అంత దారుణం కాదు. మనం తెప్పను తగలవేయము, రేవులో వదలి దండ వేయించుకొని వెళ్ళిపోతాము. తెప్పకు చిల్లి ఎక్కడ ఉన్నదో వెనుకవచ్చేవారికి చెప్పకపోవడం కూడ తగలవేయడంతో సమానమే.

కాబట్టి వీడ్కోలు సభలు మానవలెనని నేననడం లేదు. దండ ఉండవలసినదే. మనిషి మనిషికి ప్రేమ చూపే సందర్భాలు లోకంలో ఎక్కువగా లేవు; ఉన్నవానిని తగ్గించుకోవడం వివేకం కాదు. కాని ఆ సభలో ఒక అరగంట అప్పగింతకు ఉండవలెను. వెళ్ళేవారిని “మీరు ఎట్టివారు” అని చెప్పే బదులు “మీరు ఏమి చూచుకొనేవారు, మేము ఏమి చూచుకోవలెను” అని అడుగవలెను. వంటమ్మను అడుగవలెను, అటెండరును అడుగవలెను, గుమాస్తాను అడుగవలెను, ప్రధానోపాధ్యాయుని అడుగవలెను. చెప్పిన మాటను ఒకరు వ్రాసుకోవలెను. ఫలానా పని ఇకమీద నాదని మరొకరు సభలోనే ఒప్పుకోవలెను. తన పని ఇంకొకరి చేతిలో చేరినదని తెలిసిన మనిషికి అంతకంటె మంచి శాలువా కప్పలేము.

విద్యార్థులారా, మీరు కూడ పదవ తరగతి చివర వీడ్కోలు సభ జరుపుకొంటారు. వచ్చే జూనులో మీ బల్లలమీద మీ తమ్ములు, చెల్లెండ్రు కూర్చుంటారు. మీరు నాటిన మొక్కకు నీళ్ళెవరు పోస్తారో, మీరు చదివి ముగించిన పుస్తకాలు ఎవరి చేతికి చేరవలెనో ఆలోచించి వెళ్ళండి. ఏ పని చిన్నదని అనుకోకండి. పని చిన్నతనం, పెద్దతనం జీతంలో లేదు. అది ఆగిపోయిననాడు నష్టపోయేవారు ఎవరో చూస్తే దాని పరిమాణం తెలుస్తుంది. గంట కొట్టే మనిషి రాని రోజున బడి ఎట్లా తడబడుతుందో మీరు చూచే ఉంటారు.

నాకు కూడ విరమణ దినం సమీపిస్తున్నది. ఆనాడు అభినందన పత్రం ఎవరు చదివినా, విశేషణాలు ఏవి వాడినా అభ్యంతరం లేదు. నేను అప్పగించవలసిన వాటి జాబితా మాత్రం ఇప్పటినుండే వ్రాసుకొంటున్నాను. పూర్తి చేయలేని పనులు, చెప్పడంలో నేను తడబడే పాఠాలు, నా తర్వాత ఎవరైనా కనిపెట్టి చూడవలసిన పిల్లలు అందులో ఉన్నారు. పొగడ్తకంటె ఆ జాబితా పొడవుగా ఉన్నది.

నిఘంటువు తడిసిన కొన్నాళ్ళకు మేము ఆ బీరువాను దక్షిణపు గోడకు జరిపించినాము. పైకప్పుకు మరమ్మత్తు కూడ జరిగినది. ఆ సంగతి చెప్పి క్షమించమని అడుగవలెనని ఒక ఆదివారం ఆ అటెండరు ఊరికి వెళ్ళినాను. ఆయన ఇంటిముందు చేటలో కొర్రలు చెరుగుతున్నాడు. నన్ను చూచి లేచి మంచం వాల్చినాడు. పుస్తకాలు పాడైన సంగతి విని తల ఆడించినాడు; ఒక్క నిష్ఠురమైన మాట అనలేదు. బీరువా జరిపినామని చెప్పినప్పుడు ఆయన ముఖం తేటపడినది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, నేను త్రాగేదాక ఉండి, మెల్లగా అడిగినాడు:

“అరల్లో వేపాకు ఏసినారా సార్?”

వేయలేదు. మరునాడు వేసినాము.